సీటీలో కడుపు గోడ మందంగా ఉందన్నారు, క్యాన్సరేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది పలమనేరు దగ్గర పల్లె. మా నాయనకు 57 ఏళ్ళు, టమోటా సేద్యం. ఆరు నెలలుగా కడుపుబ్బరం. నాలుగు ముద్దలు తినేసరికే కడుపు నిండిపోయిందంటాడు. గ్యాస్ అనుకుని మెడికల్ షాపులో మాత్రలు తెచ్చి వాడాడు. తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చింది. సంక్రాంతికి ముందు చిత్తూరులో అల్ట్రాసౌండ్ తీయిస్తే అంతా నార్మల్ అన్నారు. అప్పటి నుంచి 8 కిలోలు తగ్గిపోయాడు. హిమోగ్లోబిన్ 8.4 ఉంది. పోయిన వారం తిరుపతిలో సీటీ తీయించాం. జీర్ణాశయం యాంట్రమ్ భాగంలో గోడ ఒక పక్క 14 మిల్లీమీటర్ల మందం ఉందని, అసిమెట్రిక్ అని, పక్కన చిన్న చిన్న లింఫ్ నోడ్స్ ఉన్నాయని, లివర్‌లో మచ్చలు గానీ కడుపులో నీరు గానీ లేవని, ఎండోస్కోపీ, బయాప్సీ చేయించి చూడాలని రాశారు. ఫిల్ము ఫోటో తీసి ఫోన్‌లో ఒక ఏఐ యాప్‌కి చూపిస్తే క్యాన్సర్ కావచ్చంది. మళ్ళీ అడిగితే గ్యాస్ట్రైటిస్ అంది. మా మామ బయాప్సీ వద్దే వద్దంటున్నాడు, ముక్క తీస్తే ఒళ్ళంతా పాకుతుందంట. ఫిల్ము ఫోటోలు పంపుతున్నాను. చూసి క్యాన్సరో కాదో చెప్పండి. అల్ట్రాసౌండ్‌లో ఎందుకు కనపడలేదు? పెట్ సీటీ తీయించమంటారా? నాయనకు ఏమని చెప్పాలి? నాకూ మా తమ్ముడికీ కూడా వస్తుందా?
— ఒక కూతురు, పలమనేరు

జవాబు: అమ్మా, మీ ఉత్తరం అందిన రోజే ఒక్క ముక్క విడిగా రాసి పంపాను, ఈ వారంలోనే ఎండోస్కోపీ చేయించండి అని. అది ఈపాటికి అయిపోయి ఉంటుందనుకుంటాను. మిగతా ప్రశ్నలకు ఇక్కడ జవాబు రాస్తున్నాను, ఎందుకంటే ఇలాంటి రిపోర్టు చేతిలో పట్టుకుని ఏం చేయాలో తోచని ఇళ్ళు మన జిల్లాల్లో చాలా ఉన్నాయి.

మీరు పంపిన బొమ్మలు చూసి ఇది క్యాన్సర్ అని నేను చెప్పలేను. కాదనీ చెప్పలేను. నేను రేడియాలజిస్టునే, ఈ బొమ్మలు చదవడమే నా పని. అయినా చెప్పలేను. ఇక్కడ అనుమానించాల్సిన మార్పు ఉంది, అది ఇంత దూరం ఉన్నట్టుంది అనే వరకే సీటీకి చేతనవుతుంది. క్యాన్సర్ అవునా కాదా తేల్చేది ముక్క తీసి మైక్రోస్కోప్ కింద చూసే పాథాలజిస్టు. మీ రిపోర్టు రాసిన డాక్టరు చివర్లో ఎండోస్కోపీ, బయాప్సీ అని రాసింది తప్పించుకోవడానికి కాదు. ఆ రిపోర్టు మొత్తంలో మీకు పనికొచ్చే వాక్యం అదే.

నిజానికి సీటీ లేకపోయినా మీ నాయనకు ఎండోస్కోపీ చేయాల్సిందే. 57 ఏళ్ళ మనిషి, కావాలని తగ్గకుండానే 8 కిలోలు తగ్గారు, హిమోగ్లోబిన్ పడిపోయింది, నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతోంది. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా గ్యాస్ మాత్రలతో నెలలు గడపకూడదు. మగవాళ్ళలో రక్తం ఇంత తగ్గితే, అది తిండి సరిపోకనే అని ఐరన్ మాత్రలిచ్చి పంపేయడం సరికాదు. పైకి తెలియకుండా జీర్ణాశయం నుంచో పేగుల నుంచో కొంచెం కొంచెం రక్తం పోతోందేమో చూడాలి. మలం తారులా నల్లగా వస్తోందా అని ఆయన్ని అడగండి. మన మగవాళ్ళు అడిగితే తప్ప చెప్పరు. ఐరన్ మాత్రలు వేసుకుంటున్నా నల్లగానే వస్తుంది కాబట్టి ఆ సంగతి కూడా డాక్టరుకు చెప్పండి.

అల్ట్రాసౌండ్ మీద మీకు కోపం ఉన్నట్టుంది. తీసినవాళ్ళ తప్పు ఇందులో లేకపోవచ్చు. అల్ట్రాసౌండ్ పనిచేసేది శబ్ద తరంగాలతో, అవి గాలిలోంచి సరిగా పోవు. జీర్ణాశయంలో, పేగుల్లో ఎప్పుడూ గాలి ఉంటుంది. తరంగం ఆ గాలికి తగిలి వెనక్కి వచ్చేస్తుంది, దాని వెనక ఏముందో తెర మీద కనపడదు. లివర్, గాల్ బ్లాడర్, కిడ్నీలు, ప్రోస్టేట్, ఆడవాళ్ళలో గర్భసంచి, ఇవి అల్ట్రాసౌండ్‌లో చక్కగా కనపడతాయి. నార్మల్ అని రాసింది వాటి గురించి. జీర్ణాశయం గురించి ఆ కాగితం ఏమీ చెప్పలేదు, కానీ కడుపు స్కాన్ తీయించాం కదా అని ఇంటిల్లిపాదీ నిశ్చింతగా ఉండిపోతారు. గోడ బాగా మందమైపోయాక, చెయ్యి తిరిగిన డాక్టరు ప్రోబ్ పెట్టి ఓపిగ్గా వెతికితే అల్ట్రాసౌండ్‌లోనూ పట్టుకోవచ్చు. అప్పుడు మధ్యలో తెల్లగా, చుట్టూ నల్లగా, అచ్చం కిడ్నీలాంటి ఆకారం కనపడుతుంది. ఒక్కోసారి లివర్‌లో మచ్చలో, పొట్టలో నీరో, ఆడవాళ్ళలో అండాశయాల్లో గడ్డలో ముందు కనపడి, మూలం ఎక్కడా అని వెతుక్కుంటూ జీర్ణాశయం దగ్గరికి వస్తాం. అప్పటికి చాలా ఆలస్యం అయిపోయి ఉంటుంది. కడుపుబ్బరానికి అల్ట్రాసౌండ్ నార్మల్ వచ్చిందంటే గాల్ బ్లాడర్‌లో రాళ్ళ లాంటివి కాదని అర్థం, అంతకుమించి ధైర్యం ఇచ్చే కాగితం కాదది.

ఇక సీటీలో మందం సంగతి. దీని గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ ఒక్క మాట చూసి పొలం అమ్మకానికి పెట్టినవాళ్ళూ ఉన్నారు, ఏం కాదులే అని రిపోర్టు బీరువాలో పెట్టినవాళ్ళూ ఉన్నారు.

జీర్ణాశయం ఖాళీగా ఉంటే ముడుచుకుని ఉంటుంది. ఖాళీ గోనెసంచిని మడిచి పట్టుకుంటే దళసరిగా తగులుతుంది, అదే సంచి నిండా వడ్లు పోస్తే గుడ్డ సాగి పలచబడుతుంది. అందుకే సీటీకి ముందు అర లీటరు నుంచి లీటరు దాకా నీళ్ళు తాగిస్తారు, లేదా లోపల గాలి పుట్టించే పొడి ఇస్తారు. బాగా సాగిన జీర్ణాశయంలో గోడ మామూలుగా 5 మిల్లీమీటర్ల లోపే ఉంటుంది. నీళ్ళు తాగించకుండా తీసిన స్కాన్‌లో మందం ఉందన్నా, లేదన్నా ఆ మాటకు విలువ తక్కువ. మీ నాయన చేత బల్ల ఎక్కే ముందు నీళ్ళు తాగించారా అని అడిగి తెలుసుకోండి.

రెండో సంగతి, చోటు. యాంట్రమ్ అంటే జీర్ణాశయం చివరి భాగం, అక్కడి నుంచే చిన్నపేగులోకి దారి. తిన్నదాన్ని మెత్తగా చేసి ముందుకు తోసే కండరం అక్కడే ఉంటుంది కాబట్టి ఆ గోడ పుట్టుకతోనే బలంగా ఉంటుంది. ఏ జబ్బూ లేనివాళ్ళకు కూడా ఆ కండరం బిగుసుకున్న క్షణంలో స్కాన్ పడితే 10, 12 మిల్లీమీటర్లు కనపడుతుంది. కాసేపాగి మళ్ళీ తీసినప్పుడు మందం మాయమైతే అది కండరమే. అందుకని 14 అనే అంకె చూసి నేను కంగారుపడను. మీ నాయన రిపోర్టులో నన్ను ఆపింది అంకె కాదు, మందం ఒక పక్కనే ఉండడం. కండరం బిగిస్తే చుట్టూ సమానంగా, నున్నగా బిగుస్తుంది. ఒక పక్కే ఉబ్బి, గరుగ్గా ఉందంటే కారణం వేరే వెతకాలి.

ఇంకేం చూస్తామంటే, రక్తనాళంలోకి కాంట్రాస్ట్ మందు ఎక్కించాక గోడలోని పొరలను చూస్తాం. ఆరోగ్యంగా ఉన్న గోడలో, లేదా వాపు వచ్చిన గోడలో, లోపలి పొర మెరుస్తూ, మధ్య పొర నల్లగా విడివిడిగా కనపడతాయి. క్యాన్సర్ ఒక పొరలోంచి ఇంకో పొరలోకి చొచ్చుకుపోతుంది కాబట్టి ఆ తేడా చెరిగిపోయి గోడంతా ఒకే ముద్దలా కనపడుతుంది. మధ్యలో పుండు గుంట ఉందా, ఆ గుంట అంచులు పైకి లేచి ఉన్నాయా చూస్తాం. గోడ బయట ఉండే కొవ్వు మామూలుగా శుభ్రంగా నల్లగా ఉంటుంది, అందులోకి గీతలు గీతలుగా ఏమైనా పాకిందా చూస్తాం. లింఫ్ నోడ్స్, అంటే ఒంట్లో రోగనిరోధక కణాలుండే చిన్న చిన్న గ్రంథులు, 8, 10 మిల్లీమీటర్లు దాటి, గుండ్రంగా, గుంపుగా ఉంటే అనుమానం పెరుగుతుంది. కానీ ఇన్‌ఫెక్షన్‌కి కూడా అవి ఉబ్బుతాయి. చిన్నగా ఉన్నవాటిలో కూడా క్యాన్సర్ కణాలు దాగి ఉండొచ్చు. లివర్‌లో మచ్చలు లేవు, పొట్టలో నీరు లేదు అని రాశారు కదా, అది మాత్రం నిజంగా మంచి మాట. ఒకవేళ ఇది క్యాన్సరే అయినా ఆపరేషన్‌కి అవకాశం ఉన్న దశలో ఉండొచ్చని ఆశపడడానికి ఆధారం అది.

అన్నీ చూశాక కూడా అనుమానం అనుమానమే. ఎందుకంటే జీర్ణాశయం గోడను ఒక పక్క మందం చేసే జబ్బులు ఇంకా ఉన్నాయి. పాత పుండు చుట్టూ వాపు వచ్చినా ఇలాగే కనపడుతుంది. హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా వల్ల వచ్చే గ్యాస్ట్రైటిస్ కూడా గోడను ఉబ్బిస్తుంది. లింఫోమా అని ఇంకో రకం క్యాన్సర్ ఉంది. దానిలో నెమ్మదిగా పెరిగే ఒక రకం, ఆ బాక్టీరియాను యాంటీబయాటిక్ మాత్రలతో చంపేస్తే చాలామందిలో దానంతట అదే కరిగిపోతుంది. అరుదుగా టీబీ కూడా జీర్ణాశయాన్ని పట్టుకుంటుంది, మన దేశంలో దాన్ని మరిచిపోకూడదు. బొమ్మలో ఇవన్నీ అన్నదమ్ముల్లా ఒకేలా ఉంటాయి. ఒకదానికి జీర్ణాశయం కోసి తీయాలి, ఇంకోదానికి రెండు వారాల మాత్రలు చాలు. ముక్క తీయకుండా ఏది మొదలుపెడతారు చెప్పండి?

దీనికి అటువైపు కూడా ఉంది. లోపలి రెండు పొరల్లోనే ఉన్న తొలి దశ క్యాన్సర్ సీటీలో చాలాసార్లు అసలు కనపడదు. అంటే నయం చేయడానికి అన్నిటికన్నా వీలైన దశలోనే సీటీ మనకు ఉపయోగపడదు. సీటీ నార్మల్ వచ్చింది కదా అని ఎండోస్కోపీ మానేసేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఏఐ యాప్ గురించి మిమ్మల్ని కోప్పడను. అర్ధరాత్రి నిద్రపట్టక చేసి ఉంటారు. కానీ దానికి మీరు చూపించింది ఏమిటో ఆలోచించండి. ఒక సీటీలో వందల కొద్దీ బొమ్మలుంటాయి. వాటిలో కొన్నే ఏరి ఫిల్ము మీద వేస్తారు. మేము కంప్యూటర్‌లో ఒక్కో బొమ్మనూ పైకీ కిందికీ జరుపుతూ, నలుపు తెలుపు మార్చుతూ, పక్క నుంచి, ముందు నుంచి చూస్తాం. ఆ ఫిల్మును కిటికీ వెలుతురుకి పట్టుకుని ఫోన్‌తో తీసిన ఫోటోలో మీ వేలి నీడ కూడా పడింది. ఆ యాప్ మొదట ఒకటి, తర్వాత ఒకటి చెప్పిందంటే రెండుసార్లూ ఊహించిందనే. ఆస్పత్రుల్లో ఎండోస్కోపీ చేస్తుండగానే అనుమానం ఉన్న చోటును గుర్తుపట్టి చూపించే ఏఐ పరికరాలు వచ్చాయి. అవి మంచివే. అవి కూడా ఇక్కడ చూడండి అంటాయి, తీర్పు ముక్కదే. మీరు చేయాల్సింది ఇంకోటి ఉంది: స్కాన్ సెంటర్‌లో సీడీ అడిగి తీసుకోండి. ఫిల్ము పోయినా పరవాలేదు, సీడీ పోగొట్టుకోకండి. ఏ ఆస్పత్రికి వెళ్ళినా అక్కడి డాక్టరు అసలు బొమ్మలు చూడాలంటే అదే కావాలి. అది ఉంటే మళ్ళీ సీటీ తీయాల్సిన ఖర్చు కూడా చాలాసార్లు తప్పుతుంది.

ఎండోస్కోపీ అంటే భయపడాల్సిన పని కాదు. కోత ఉండదు. గొంతులో మొద్దుబారే మందు కొట్టి, కావాలంటే మత్తు ఇచ్చి, సన్నని గొట్టం నోట్లోంచి లోపలికి పంపుతారు. మామూలుగా 10, 15 నిమిషాల పని. మీ నాయన విషయంలో ఒక జాగ్రత్త ఉంది. జబ్బు జీర్ణాశయం చివర్లో ఉంది కాబట్టి దారి ఇరుకై, తిన్నది నిలిచిపోయి ఉండొచ్చు. నిన్న తిన్న సంగటి ఈరోజు వాంతిలో కనపడుతోందా? అలాగైతే 6, 8 గంటల పస్తు చాలదు. ముందు రోజంతా నీళ్ళలాంటి ఆహారం మీద ఉంచమంటారు. ఈ సంగతి ముందే డాక్టరుకు చెప్పకపోతే లోపలంతా తిండి అడ్డుపడి ఎండోస్కోపీ మళ్ళీ చేయాల్సి వస్తుంది, పైగా అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే చెప్పండి. మీ అంతట మీరు మాత్రం ఆపకండి.

ఆయన వాడిన గ్యాస్ మాత్రల పేరు కూడా రాసి పట్టుకెళ్ళండి. ప్యాంటాప్రజోల్, ఒమెప్రజోల్ లాంటివైతే అవి క్యాన్సర్ పుండు పైపొరను కూడా కొన్నాళ్ళు మాన్పగలవు. మంట తగ్గుతుంది, కింద జబ్బు దాని పని అది చేసుకుంటూ పోతుంది. తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చింది అని మీరు రాసిన చోట నాకు ఇదే గుర్తొచ్చింది. షాపులో అడిగి తెచ్చుకునే ఈ మాత్రలు చెడ్డవి కావు. నలభై దాటినవాళ్ళు డాక్టరుకు చూపించుకోకుండా నెలల తరబడి మింగడం చెడ్డది.

ఇక మీ మామగారి మాట. ముక్క తీస్తే పాకుతుందన్న భయం ఆయన ఒక్కరిది కాదు, మన ఊళ్ళలో సగం మందిది. ఎవరికో బయాప్సీ చేశారు, మూడు నెలల్లో పోయారు, అది చూసినవాళ్ళకి ముక్క తీయడమే కారణం అనిపిస్తుంది. ఆ మనిషికి జబ్బు అప్పటికే ముదిరి ఉంటుంది. బయాప్సీ చేయకపోయినా ఆ మూడు నెలలే. ఎండోస్కోపీలో తీసే ముక్కలు 2, 3 మిల్లీమీటర్లవి, జీర్ణాశయం లోపలి వైపు నుంచే గిల్లుతారు. దానివల్ల జీర్ణాశయం క్యాన్సర్ ఒళ్ళంతా పాకదు. ముక్క లేకుండా ఏ మంచి సర్జనూ ఈ ఆపరేషన్ చేయరు, ఏ డాక్టరూ కీమో ఇవ్వరు. హెర్ 2 అనే పరీక్ష కూడా ఆ ముక్క మీదే చేస్తారు, అది పాజిటివ్ వస్తే జబ్బు ముదిరినవాళ్ళకు కూడా ఒక ప్రత్యేకమైన మందు వాడే వీలుంటుంది. మామగారిని కూడా ఎండోస్కోపీ రోజు వెంట తీసుకెళ్ళండి. డాక్టరు నోటితో వింటే నమ్ముతారు. ఇంట్లో మీతో వాదిస్తే మాత్రం గెలవరు మీరు.

ఒక్క ముక్క చాలదన్నది మాత్రం మీరు తెలుసుకోవాలి. పుండు అంచుల నుంచి, అడుగు నుంచి కనీసం 6 ముక్కలు తీయాలి. ఒకటో రెండో తీసి క్యాన్సర్ లేదు అని వస్తే నమ్మకం కుదరదు. బొమ్మలో, ఎండోస్కోపీలో అనుమానం గట్టిగా ఉండి, బయాప్సీలో ఏమీ లేదని వస్తే సంబరపడి ఇంటికి రాకండి, మళ్ళీ తీయమని అడగండి. జీర్ణాశయం క్యాన్సర్‌లో ఒక రకం ఉంది, అది పైపొర కింద నుంచి గోడంతా వ్యాపిస్తుంది. పైన చూస్తే పుండు ఉండదు, గడ్డ ఉండదు, గాలి ఊదినా జీర్ణాశయం సాగదు, అంతే తేడా. పైపైన తీసిన ముక్కల్లో అది దొరకకుండా పోతుంది. నేను చదువుకున్న రోజుల్లో బేరియం తాగించి ఎక్స్‌రే తీసేవాళ్ళం. ఆ పరీక్ష ఇప్పుడు మన దగ్గర దాదాపు పోయింది గానీ, ఈ రకాన్ని పట్టుకోవడంలో దానికి సాటి తక్కువ. గట్టి తోలు సీసాలా జీర్ణాశయం బిగుసుకుపోయి కనపడేది. జపాన్‌లో ఈ క్యాన్సర్ ఎక్కువ కాబట్టి అక్కడ ఏ బాధా లేనివాళ్ళకి కూడా బేరియం ఎక్స్‌రేతో పరీక్షలు చేస్తూ వచ్చారు, తర్వాత ఎండోస్కోపీని కూడా చేర్చారు. ఇప్పుడు ఇలాంటి అనుమానం వస్తే లోతుగా ముక్కలు తీస్తారు, లేదా ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ చేస్తారు. దీనిలో ప్రోబ్ గొట్టం చివరే ఉంటుంది, జీర్ణాశయం లోపలి నుంచే చూస్తుంది కాబట్టి బయటి అల్ట్రాసౌండ్‌కి ఉన్న గాలి ఇబ్బంది దీనికి చాలావరకు ఉండదు. గోడ ఐదు పొరలుగా విడివిడిగా కనపడుతుంది.

పెట్ సీటీ, అంటే క్యాన్సర్ ఉన్న చోట్లు వెలుగుతూ కనపడేలా తీసే స్కాన్, ఇప్పుడు వద్దు. అడిగినవాళ్ళందరికీ ఇదే చెబుతున్నాను. బయాప్సీ రాకముందు పెట్ తీయిస్తే డబ్బు పోవడమే. జీర్ణాశయం క్యాన్సర్‌లో కొన్ని రకాలు, ముఖ్యంగా సిగ్నెట్ రింగ్ అనేవి, పెట్‌లో సరిగా వెలగవు. మరోవైపు ఏ జబ్బూ లేని జీర్ణాశయం కూడా కొంచెం వెలుగుతుంది. బయాప్సీలో క్యాన్సర్ అని వస్తే అప్పుడు వరస వేరు. ఛాతీ, పొట్ట రెండూ కలిపి కాంట్రాస్ట్ సీటీ ఉండాలి. మీరు పొట్టకు మాత్రమే తీయించినట్టుంది, ఛాతీ మిగిలింది. కాంట్రాస్ట్ ఎక్కించే ముందు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ అనే రక్తపరీక్ష చూస్తారు, షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతుంటే చెప్పాలి. ఆపరేషన్‌కి ముందు చాలా చోట్ల లాప్రోస్కోపీతో, అంటే చిన్న రంధ్రంలోంచి కెమెరా పంపి, పొట్ట లోపల ఒకసారి చూస్తారు. ఇదేం అదనపు ఖర్చు అని విసుక్కోకండి. పొట్ట లోపలి పొర మీద అక్కడక్కడ చల్లినట్టుండే చిన్న మచ్చలు సీటీకి దొరకవు, కంటికే దొరుకుతాయి. అవి ఉంటే పెద్ద ఆపరేషన్ చేసి లాభం లేదని ముందే తెలుస్తుంది.

ఎక్కడికి వెళ్ళాలని మీరు అడగలేదు గానీ అదే పెద్ద ప్రశ్న. తిరుపతిలో స్విమ్స్ ఉంది, 1993 లో తిరుమల తిరుపతి దేవస్థానం ప్రారంభించింది. రుయా ప్రభుత్వాస్పత్రి ఉంది. అలిపిరి దగ్గర టాటా ట్రస్ట్స్ వాళ్ళ క్యాన్సర్ ఆస్పత్రి 2022 లో మొదలైంది. పలమనేరు నుంచి చూస్తే తిరుపతి కన్నా వేలూరు సీఎంసీ దగ్గర. ఎక్కడికైనా వెళ్ళండి గానీ, ఎండోస్కోపీ ఒకచోట, బయాప్సీ ఒకచోట, ఆపరేషన్ ఇంకోచోట అని తిరగకండి. ప్రతిచోటా మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడతారు. ఎన్టీఆర్ వైద్య సేవ, అంటే నిన్నటి ఆరోగ్యశ్రీ కింద చేయించాలనుకుంటే డబ్బు కట్టే ముందే ఆస్పత్రిలో ఆ పథకం పనులు చూసే వైద్యమిత్ర దగ్గర కూర్చుని ఏది వర్తిస్తుందో అడగండి. రాష్ట్రం దాటి వెళ్తే ఇంకా ముందుగా కనుక్కోవాలి. ఈ లోపల రక్తపు వాంతి అయినా, మలం తారులా వచ్చి కళ్ళు తిరిగినా, అపాయింట్‌మెంట్ కోసం చూడకండి, ఆ రాత్రే దగ్గర్లోని క్యాజువాల్టీకి తీసుకెళ్ళండి.

నాయనకు ఏమని చెప్పాలన్నారు. ఉన్నదే చెప్పండి. స్కాన్‌లో ఒకచోట గోడ మందంగా ఉంది, ఎందుకో తెలియాలంటే లోపల చూసి ముక్క తీయాలి, అంతవరకు ఏదీ తేలదు. ఇది అబద్ధం కాదు, భయపెట్టడమూ కాదు. సేద్యం చేసిన మనిషి, పంట పోయిన ఏళ్ళు చూసిన మనిషి, ఈ మాట తట్టుకోగలరు. మీరంతా గుసగుసలాడుతుంటే మాత్రం తట్టుకోలేరు.

మీకూ తమ్ముడికీ వస్తుందా అన్నది చివరి ప్రశ్న. మీ నాయనకు క్యాన్సర్ కాదని తేలితే ఈ ప్రశ్నకు పనే లేదు. అవునని తేలినా, ఈ క్యాన్సర్ ఎక్కువ మందిలో వంశంలో వచ్చేది కాదు. అమ్మానాన్నలకో తోబుట్టువులకో ఉంటే మామూలువాళ్ళ కన్నా రెండు మూడు రెట్లు అవకాశం ఉంటుంది గానీ, మామూలువాళ్ళకి ఉండే అవకాశమే తక్కువ. చిన్న వయసులోనే వచ్చినా, ఇంట్లో ఇద్దరు ముగ్గురికి వచ్చినా అప్పుడు జన్యు పరీక్ష గురించి ఆలోచిస్తారు. ఊరగాయలు, ఎండుచేపలు, ఉప్పు మరీ ఎక్కువ తినడం, బీడీ, సిగరెట్ ఇవన్నీ కొంత కారణమే, కానీ ఊరిబిండి తిన్నందుకే వచ్చిందని ఆయన కంచం ముందు ఎవరూ లెక్కలు తీయకండి.

అన్నిటికన్నా పెద్ద కారణం పైన చెప్పిన హెలికోబాక్టర్ పైలోరీ. ఆస్ట్రేలియా డాక్టర్లు బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ దీన్ని కనిపెట్టినప్పుడు జీర్ణాశయంలోని యాసిడ్‌లో బాక్టీరియా బతకడమేమిటని చాలామంది నమ్మలేదు. మార్షల్ స్వయంగా ఆ బాక్టీరియా కలిపిన ద్రవం తాగి గ్యాస్ట్రైటిస్ తెచ్చుకుని చూపించారు. 1994 లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం దీన్ని క్యాన్సర్ కారకంగా ప్రకటించింది, 2005 లో ఆ ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. మన దేశంలో చాలామంది కడుపుల్లో ఈ బాక్టీరియా ఉంటుంది, వాళ్ళలో కొద్దిమందికే క్యాన్సర్ వస్తుంది. అందుకని అందరూ పరుగులు పెట్టాల్సిన పని లేదు. కానీ మీ నాయనకు క్యాన్సర్ అని తేలితే మీరిద్దరూ ఊపిరి పరీక్షో మలం పరీక్షో చేయించుకుని, బాక్టీరియా ఉంటే డాక్టరు రాసిచ్చిన యాంటీబయాటిక్స్ 14 రోజులు మధ్యలో ఆపకుండా వాడండి. పరీక్షకు ముందు రెండు వారాలు గ్యాస్ మాత్రలు, నాలుగు వారాలు ఏ యాంటీబయాటిక్సూ వాడి ఉండకూడదు, లేకపోతే బాక్టీరియా లోపలున్నా లేదని వస్తుంది.